తుంగ మొక్కల్ని గుర్తుపట్టడం ఎలా: వరి మడి నుంచి ఉప్పు నేల దాకా

చెరువు గట్టు మీద, కాలవ పక్కన, వరి మడిలో, కొల్లేరు ఒడ్డున, పులికాట్ చుట్టూ ఉండే ఉప్పు నేలల్లో సన్నగా పచ్చగా లేచిన ప్రతిదాన్నీ మనం గడ్డి అనేసి వదిలేస్తాం, కానీ వాటిల్లో చాలావరకు గడ్డి కుటుంబమే కాదు, తుంగ కుటుంబం. బోటనీలో సైపరేసి అంటారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 5,500 జాతులున్నాయి, ప్రజాతులు (అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులు) 90 పైచిలుకు, ఏకదళ బీజ మొక్కల్లో, అంటే గింజ నుంచి ఒకే బీజదళంతో మొలిచేవాటిల్లో, ఆర్కిడ్లు, గడ్డి జాతుల తర్వాత ఇదే పెద్ద కుటుంబం. ఇవీ పూలు పూసే మొక్కలే, కాకపోతే రంగు రేకులుండవు, చాలావాటికి పుప్పొడి గాలికే ఎగిరిపోతుంది, కాబట్టి పురుగుల్ని పిలవాల్సిన పని లేదు, అందుకే మన కంటికి పువ్వులా ఆనదు.

పేరు తెలుసుకోవడం ఎందుకంటే, ఏం చేయాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక తుంగ మడిలో నీళ్ళు నిలబెడితే అణిగిపోతుంది, ఇంకోటి పీకేకొద్దీ పెరుగుతుంది, మరోటి ఇసుక కదలకుండా పట్టుకుని ఉంటుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. అన్నిటికీ ఒకటే వైద్యం చేస్తే డబ్బు దండగ, నేలకీ నష్టం. డిగ్రీలో బోటనీ చదవని వాళ్ళు కూడా ఈ పద్ధతిలో కనీసం ప్రజాతి దాకా వెళ్ళొచ్చు, కొన్నిటికైతే జాతి దాకా కూడా.

బయలుదేరే ముందు

10 రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్స్ ఒకటి తప్పనిసరి, ఇది లేకుండా ఈ కుటుంబం జోలికి వెళ్ళొద్దనే చెప్తాను, ఎందుకంటే అసలు విషయమంతా ఒకటి రెండు మిల్లీమీటర్ల గింజలో ఉంటుంది. దాంతోపాటు కొత్త షేవింగ్ బ్లేడ్, చిన్న పార, తెల్ల కాగితం, స్కేలు, పాత న్యూస్ పేపర్లు, పెన్సిల్ (పెన్ను వద్దు, బురద తడికి సిరా పారిపోతుంది). ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ ఉంటే ఇంకా మంచిది.

టైం విషయానికొస్తే సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్య వెళ్ళండి, వానలకి లేచిన మొక్కలు అప్పటికి గింజ పట్టి ఉంటాయి. వరి మడిలో అయితే నాట్లు వేసిన నెల తర్వాత చూస్తే చాలా రకాలు దొరుకుతాయి. గింజ ముదరని మొక్క ఎంత అందంగా ఉన్నా దానికి పేరు పెట్టే ప్రయత్నం చేయకండి, మళ్ళీ వచ్చి చూస్కోండి.

కొల్లేరు, కోరింగ, పులికాట్, నేలపట్టు లాంటివి అభయారణ్యాలు, అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క కాడ కూడా తెంపకూడదు. ఫోటోలు తీసుకోండి, లెన్స్‌తో అక్కడే చూడండి.

మొదటి పని: అది గడ్డా, తుంగా, జమ్మా?

కాడని వేళ్ళ మధ్య పెట్టి దొర్లించండి. మూడు అంచులు తగిలితే దాదాపు తుంగే. గుండ్రంగా దొర్లితే అప్పుడే గడ్డి అనుకోకండి, ఎందుకంటే తుంగ కుటుంబంలో గుండ్రటి కాడలవి కూడా చాలా ఉన్నాయి, అందుకే రెండోది చూడాలి: కణుపులు. గడ్డి కాడకి కణుపులుంటాయి, కణుపుకీ కణుపుకీ మధ్య ఎక్కువగా బోలుగా ఉంటుంది, వరి కాడ గుర్తు తెచ్చుకోండి. తుంగలో పూకాడ చాలావరకు మొదట్నుంచి పూగుత్తి దాకా ఒకే కాడ, కణుపు కనపడదు, బ్లేడ్‌తో అడ్డంగా కోస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు ఉంటుంది.

మూడోది ఆకు వరసలు. మొక్కని నెత్తి మీద నుంచి చూడండి, గడ్డిలో ఆకులు రెండు వరసల్లో ఎదురెదురుగా వస్తాయి, తుంగలో మూడు వరసల్లో మూడు దిక్కులకి వస్తాయి. నాలుగోది, నాకు అన్నిటికంటే నమ్మకమైనది, ఆకు మొదట్లో కాడని చుట్టుకునే తొడుగు. గడ్డిలో ఆ తొడుగు ఒక పక్క చీలి ఉంటుంది, గోటితో విప్పితే విడిపోతుంది. తుంగలో గొట్టంలా అతుక్కుపోయి ఉంటుంది, విప్పాలంటే చించాల్సిందే. ఈ నాలుగిట్లో మూడు కలిసొస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

నీళ్ళలో నిలబడే పెద్ద మొక్కల దగ్గర మాత్రం జనం బాగా కలగాపులగం చేసేస్తారు. జమ్ము తుంగ కాదు, దాని ఆకులు దళసరిగా స్పాంజిలా ఉంటాయి, పైన గోధుమరంగు గుండ్రటి కంకి కడ్డీలా నిలబడుతుంది, అది టైఫా, వేరే కుటుంబం. కొల్లేట్లో గుబురుగా పెరిగే కిక్కిస గడ్డి కుటుంబానిది, దాని కాడకి కణుపులు స్పష్టంగా కనిపిస్తాయి, పైన ఈకల్లాంటి పెద్ద పూగుత్తి. గోదావరి మడ అడవుల అంచుల్లో కనిపించే దబ్బ గడ్డి కూడా నిజంగా గడ్డే. రెల్లు, దర్భ, గరిక, ఊద, ఇవన్నీ గడ్డి కుటుంబమే.

రెండో పని: వేరు దాకా తవ్వి చూడటం

చాలామంది పైన పువ్వు తెంపుకొచ్చి పేరు అడుగుతారు, దాంతో సగం సమాచారం నేలలోనే ఉండిపోతుంది. కనీసం జానెడు లోతు తవ్వి, మట్టి నీళ్ళలో కడిగి, కింద ఏముందో చూడండి. ఉత్త పీచు వేళ్ళే ఉంటే అది చాలావరకు ఒక సీజన్ మొక్క, గింజతోనే మళ్ళీ వస్తుంది. అడ్డంగా పాకే దుంపకాండం ఉంటే ఏళ్ళ తరబడి ఉండే మొక్క. గడ్డలుంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మన పెరళ్ళలో, మెట్ట చేలల్లో ఉండే అసలు తుంగ, అంటే సైపరస్ రొటండస్, గడ్డల్ని సన్నటి తీగలతో ఒకదానికొకటి గొలుసులా కలుపుకుంటుంది. గడ్డ నల్లగా గరుగ్గా ఉంటుంది, విరిస్తే లోపల తెలుపు, మంచి సువాసన. పైన చిరుకంకులు (పూగుత్తిలో ఉండే చిన్న చిన్న కంకి ముక్కలు) ఎరుపు కలిసిన గోధుమరంగు. దీని దగ్గరి చుట్టం సైపరస్ ఎస్కులెంటస్‌కి మాత్రం గడ్డలు తీగ చివర ఒక్కొక్కటిగా వస్తాయి, గొలుసు ఉండదు, రుచి తియ్యగా ఉంటుంది, చిరుకంకులు పసుపు గోధుమ. స్పెయిన్‌లో వాలెన్సియా వాళ్ళు ఈ తియ్య గడ్డల్ని రుబ్బి పాలలాంటి పానీయం చేసుకుని తాగుతారు. రెండూ పక్కపక్కన పెట్టి గడ్డ చూస్తే చాలు, పువ్వు దాకా వెళ్ళక్కర్లేదు.

మూడో పని: పూగుత్తి

ఇక్కడ తొందరపడొద్దు, ఈ కుటుంబం అందమంతా ఇక్కడే ఉంది. ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోండి. పూగుత్తి కాడ చివర ఉందా, పక్క నుంచి వచ్చినట్టుందా? దాని కింద ఆకుల్లాంటివి ఎన్ని ఉన్నాయి, ఎంత పొడుగు? చిరుకంకులు చదునుగా ఉన్నాయా, గుండ్రంగా ఉన్నాయా?

చిరుకంకి అంటే చిన్న చిన్న పొలుసులు వరసగా పేర్చినట్టుండే ముక్క, ఒక్కో పొలుసు చంకలో ఒక్కో పువ్వు. లెన్స్ పెట్టి ఆ పొలుసులు ఎలా పేర్చి ఉన్నాయో చూడండి. జడ అల్లినట్టు అటొకటి ఇటొకటి రెండు వరసల్లో ఉండి చిరుకంకి నొక్కినట్టు చదునుగా ఉంటే సైపరస్ వైపు వెళ్ళండి. చుట్టూ మెలికగా తిరిగి చిరుకంకి గుండ్రంగా ఉంటే ఫింబ్రిస్టైలిస్, ఎలియోకారిస్, షీనోప్లెక్టస్, బల్బోస్టైలిస్, ఫ్యూరీనా, వీటిల్లో ఏదో ఒకటి. ఈ ఒక్క తేడా పట్టేస్తే మన ఊళ్ళల్లో దొరికే వాటిల్లో చాలా భాగం రెండు కుప్పలుగా విడిపోతాయి.

సైపరస్ కుప్ప: కాడ చివర గొడుగులా కాడలు విప్పుకుని ఉంటే మామూలు సైపరస్. పూగుత్తి అంతా చివర్న ఒక గట్టి ఉండలా, తెల్లగా గానీ ఆకుపచ్చగా గానీ ఉండి, కింద మూడు నాలుగు ఆకులు అడ్డంగా చాపుకుని ఉంటే కిల్లింగా, లాన్లలో, చెమ్మగా ఉండే దారుల పక్కన బాగా కనిపిస్తుంది. ఇటీవలి డీఎన్‌ఏ అధ్యయనాల తర్వాత ఒకప్పుడు వేరే ప్రజాతులుగా లెక్కేసిన కిల్లింగా, పైక్రియస్, మారిస్కస్ అన్నిటినీ సైపరస్‌లోనే కలిపేశారు, కాబట్టి ఒకే మొక్కకి రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు. నాకైతే ఫీల్డ్‌లో పాత పేర్లే పనికొస్తాయి, చూడగానే తేడా తెలిసే గుంపులు కాబట్టి. నర్సరీల్లో కుండీల్లో అమ్మే అంబ్రెల్లా పామ్ పామ్ కాదు, అదీ సైపరసే, ఈజిప్టు వాళ్ళు కాగితం చేసుకున్న పాపిరస్‌కి దాయాది.

గుండ్రటి చిరుకంకుల కుప్పలో తేలికగా పట్టేసేది ఎలియోకారిస్. ఆకులే ఉండవు, కింద తొడుగులు మాత్రమే, పచ్చటి కాడలు నిటారుగా నిలబడి ఒక్కో కాడ కొసన ఒకే ఒక్క చిరుకంకి. దీంట్లో ఎలియోకారిస్ డల్సిస్ కాడ లోపల అడ్డు పొరలు ఉంటాయి, వేళ్ళతో నొక్కుతూ పోతే టపటపా శబ్దం వస్తుంది. దాని గడ్డలే చైనా వంటల్లో వేసే వాటర్ చెస్ట్‌నట్.

షీనోప్లెక్టస్ గుంపులో పూగుత్తి కాడకి పక్క నుంచి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. నిజానికి అది కాడ చివరే, దాని పైన ఉన్నది కాడలాగే కనిపించే ఒక ఆకు. షీనోప్లెక్టియెల్లా ఆర్టిక్యులేటాలో ఆ ఆకు మరీ పొడుగు, పూగుత్తి కింద మొదలు దగ్గరే ఉండిపోతుంది, చెరువు లోతు తగ్గిన చోట బురదలో దీన్ని చూడొచ్చు.

ఫింబ్రిస్టైలిస్ చిరుకంకులు చిన్నగా, గోధుమరంగులో, గొడుగులా విడిపోయి ఉంటాయి. వరి మడిలో వచ్చే ఫింబ్రిస్టైలిస్ మిలియేసియాకి మొదట్లో ఆకులు రెండు పక్కలా నొక్కేసి విసనకర్రలా ఉంటాయి, ఇది మూడు వరసల నియమానికి మినహాయింపు, కాబట్టి పిల్ల మొక్కగా ఉన్నప్పుడే గుర్తుపట్టొచ్చు. చిరుకంకులు ఆవగింజంత గుండ్రటి ఉండలు. ఇసుక నేలల్లో వెంట్రుకలంత సన్నటి ఆకులతో చిన్న పొదలా కూర్చునేది బల్బోస్టైలిస్ బార్బాటా. ఒళ్ళంతా నూగు ఉంటే ఫ్యూరీనా. ఆకు అంచు చెయ్యి కోసేస్తూ, గింజ పింగాణీ పూసలా తెల్లగా మెరుస్తూ ఉంటే స్క్లీరియా.

నాలుగో పని: గింజ

తెల్ల కాగితం మీద ముదిరిన చిరుకంకిని వేళ్ళతో నలపండి, పొట్టు ఊదేయండి, మిగిలినవి గింజలు. మూడు పలకలుగా ఉంటే ఆ పువ్వుకి కీలాగ్రాలు (పుప్పొడిని పట్టుకునే దారాల్లాంటి కొసలు) మూడు, రెండు వైపులా ఉబ్బి పప్పులా చదునుగా ఉంటే కీలాగ్రాలు రెండు. తాజా పువ్వులో పొలుసు బయటికి తెల్లటి దారాలు వేలాడుతుంటాయి, వాటిని లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు. కిల్లింగా, పైక్రియస్‌లకి రెండే.

తర్వాత గింజ నెత్తిన చూడండి. ఒక టోపీ పెట్టినట్టు ముక్క మిగిలి ఉంటే ఎలియోకారిస్, చిన్న బొడిపె మిగిలితే బల్బోస్టైలిస్, ఏమీ మిగలకుండా నున్నగా రాలిపోతే ఫింబ్రిస్టైలిస్. ఇదంతా కీలం (కీలాగ్రాల్ని మోసే సన్నటి కాడ) మొదలు గింజకి అతుక్కుని ఉండటం, రాలిపోవడం వల్ల వచ్చే తేడా. గింజ అడుగున ముళ్ళలాంటి వెంట్రుకలు ఉన్నాయా అని కూడా చూడండి, షీనోప్లెక్టస్ లిటోరాలిస్ అనే ఉప్పునీటి జాతికి అవి ఈకల్లా విప్పుకుని ఉంటాయి, ఒక్కసారి లెన్స్‌లో చూశారంటే మర్చిపోరు.

ఐదో పని: ఎక్కడ దొరికిందో రాసుకోవడం

చోటు కూడా గుర్తే. నీటి లోతెంత, నీళ్ళు నిలిచి ఉన్నాయా పారుతున్నాయా, ఎండ ఎంత, నేల నల్లరేగడా ఇసకా, ఉప్పు తేలిందా. ఉప్పు సంగతి తెలియాలంటే ఎండాకాలంలో పైన తెల్లటి పొర కట్టిందేమో చూడండి, చుట్టూ ఆకులు ఉబ్బి రసంగా ఉండే ఇలకూర లాంటి మొక్కలున్నాయా చూడండి. తుంగలు ఉప్పు నేలలో ఉన్నా ఆకులు అలా ఉబ్బించుకోవు, పైకి మామూలుగానే ఉంటాయి, కాబట్టి పక్కనున్న మొక్కలే మీకు ఆ నేల సంగతి చెప్తాయి. ఈసీ మీటరు (నీటిలో ఉప్పెంతుందో చూపే పరికరం) దొరికితే నీటిని కొలిచి ఆ అంకె రాసుకోండి.

కొల్లేరు ఈ విషయం అర్థం చేసుకోవడానికి మంచి చోటు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు, బుడమేరు తమ్మిలేరు దాంట్లోకి వస్తాయి, ఉప్పుటేరు దాన్ని సముద్రంతో కలుపుతుంది. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. పైనుంచి వచ్చే నీళ్ళు తగ్గిన రోజుల్లో ఉప్పుటేరు గుండా ఉప్పునీళ్ళు వెనక్కి ఎక్కుతాయి, అప్పుడు ఒడ్డు మొక్కల వరస కూడా మారుతుంది. ఒకే చోట వేసవిలో ఓసారి, వానల తర్వాత ఓసారి ఫోటో తీసి పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి ఆ మార్పు మీ కంటికే కనిపిస్తుంది. ఇలాంటి రికార్డులు మన వాళ్ళు రాయకపోతే ఇంకెవరూ రాయరు, ఈ మాట గట్టిగా అనాలనే ఇంత రాస్తున్నాను.

తీరం వెంట వెళ్తే ఉప్పు కలిసిన చెమ్మ నేలల్లో ఫింబ్రిస్టైలిస్ ఫెరుజీనియా, ఉప్పునీటి మడుగుల్లో షీనోప్లెక్టస్ లిటోరాలిస్ కోసం చూడండి. ఆటుపోట్లకి మునిగి తేలే బురదలో దాదాపు ఆకుల్లేకుండా మూడు పదునైన అంచుల కాడతో మనిషి ఎత్తు తుంగ కనిపిస్తే సైపరస్ మలక్సెన్సిస్ ఏమో సరిచూడండి, వియత్నాం, చైనా తీరాల్లో చాపలు దాంతోనే అల్లుతారు. ఇసుక దిబ్బల మీద సంగతి వేరు, అక్కడ సైపరస్ అరెనేరియస్ ఇసుక కింద పొడుగ్గా పాకుతూ కాస్త దూరానికోసారి ఒక కుచ్చు పైకి లేపుతుంది, పైనుంచి చూస్తే గీత గీసి నాటినట్టు కనిపిస్తుంది. గాలికి ఇసుక లేచిపోకుండా ఆపేది ఇదే, కాబట్టి బీచ్ శుభ్రం చేసే కార్యక్రమాల్లో కలుపు అనుకుని దీన్ని పీకేయొద్దు, పీకనివ్వొద్దు కూడా.

పేరు తెలిశాక పొలంలో ఏం చేయాలి

వరిలో ముఖ్యంగా మూడొస్తాయి. సైపరస్ డిఫార్మిస్‌కి పూగుత్తి గుండ్రటి చిన్న ఉండలు ఉండలుగా ఉంటుంది, కాడ మెత్తగా ఉంటుంది, నెలా నెలన్నరలోనే గింజ రాల్చేస్తుంది కాబట్టి ఆలస్యం చేస్తే వచ్చే ఏడాదికి కూడా విత్తనం పడిపోయినట్టే. సైపరస్ ఇరియాకి చిరుకంకులు పసుపుగా వదులుగా విడివిడిగా ఉంటాయి. పురుగుల ఒంట్లో పెరుగుదలని నడిపే జువెనైల్ హార్మోన్‌ని ఈ మొక్క తనే తయారుచేసుకుంటుందని 1988లో బయటపెట్టారు, కాలు కింద తొక్కుకుంటూ పోయే మొక్కలో ఇంత సంగతుంది. మూడోది పైన చెప్పిన విసనకర్ర ఆకుల ఫింబ్రిస్టైలిస్.

ఈ మూడూ గింజతో వచ్చేవే, కాబట్టి మొదటి వారాల్లో మడి చదునుగా ఉంచి సమంగా నీళ్ళు నిలిపితే మొలకలు చాలావరకు తగ్గుతాయి, మిట్టగా ఉండి నీళ్ళు అందని చోట్లే ఎక్కువ లేస్తాయి, అందుకే దమ్ము చదును మీద పెట్టిన శ్రమ వృథా పోదు. మందు కొట్టాల్సి వస్తే ముందు గుర్తుంచుకోవాల్సింది, సైహాలోఫాప్ లాంటి గడ్డి మందులు తుంగని ఏమీ చేయవు, ఊద లాంటి గడ్డి జాతులే పోతాయి. షాపులో కలుపు మందు అని అడగకుండా తుంగ అనీ, మొక్క వయసు ఎంత అనీ చెప్పి అడగండి, మోతాదు వ్యవసాయాధికారిని అడిగి తీసుకోండి. ఏటా ఒకే రకం మందు వాడితే అమెరికా కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో జరిగినట్టు సైపరస్ డిఫార్మిస్ ఆ మందుకి లొంగకుండా తయారవుతుంది, అక్కడ 1990లలోనే ఇది కనిపించింది.

మెట్ట పొలంలో, పెరట్లో ఉండే గడ్డల తుంగ సంగతి పూర్తిగా వేరు. దాన్ని పైనుంచి పీకితే కాడ తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. గొలుసుగా ఉన్నప్పుడు ఒక గడ్డ మొలిస్తే మిగతావి చాలావరకు నిద్రలో ఉంటాయి, నాగలి వేసి గొలుసు తెంపితే విడిపోయిన ప్రతి గడ్డా విడిగా మొలుస్తుంది, దున్నాక తుంగ రెట్టింపైందని రైతులు అనేది ఇందుకే. ప్లాస్టిక్ మల్చింగ్ షీటుని కూడా పొడుచుకుని పైకొచ్చేస్తుంది. పనిచేసే దారులు రెండు. ఒకటి, నడి ఎండాకాలంలో దున్ని గడ్డల్ని పైకి తెచ్చి మాడనివ్వడం, ఇది ఒక్కసారితో అయ్యేది కాదు, వారం పది రోజులకోసారి మళ్ళీ తిరగేయాలి, మధ్యలో వాన పడితే ఉపయోగం తగ్గుతుంది. రెండు, నీడ. ఈ మొక్కకి నీడ పడదు, జనుము లాంటిది ఒత్తుగా చల్లి నేల కప్పేస్తే గడ్డల్లో బలం తగ్గుతూ వస్తుంది. ఈ రెండూ కలిపి రెండు మూడేళ్ళు వరసగా చేయాలి, అంతకంటే తొందరగా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. నర్సరీ నుంచి మొక్కలు తెచ్చేటప్పుడు వేర్ల మట్టిలో గడ్డలున్నాయేమో చూసుకోండి, ఊరి నుంచి ఊరికి ఇలాగే ప్రయాణం చేస్తుంది.

ఏరిన గడ్డల్ని పారేయక్కర్లేదు. ఇవే తుంగముస్తలు, కడిగి పైన పీచు కాల్చి లేదా గీకి, ఎండబెట్టి దంచితే కచ్చూరాలు, బావంచాలతో కలిపి సున్నిపిండిలో వాడుకోవచ్చు. మందు కొట్టిన పొలంలోవి, మురుగు కాలవ పక్కవి మాత్రం వద్దు. లోపలికి మందుగా తీసుకోవాలంటే ఆయుర్వేద వైద్యుణ్ణి అడగండి.

చివరగా మొక్కని దాచిపెట్టడం

అనుమతి ఉన్న చోట, ఎక్కువగా ఉన్న మొక్కనే తీసుకోండి, వేరుతో సహా. పొడుగుంటే కాడని వి ఆకారంలో గానీ ఎన్ ఆకారంలో గానీ మడిచి న్యూస్ పేపర్లో పరవండి, ఒక చిరుకంకుల గుత్తిని విడిగా చిన్న కాగితం పొట్లంలో వేయండి, తర్వాత గింజ చూడాలంటే ఈ పొట్లమే అక్కరకొస్తుంది. పైన బరువు పెట్టి మొదటి వారం రోజూ పేపర్లు మార్చండి, నీటి మొక్కలు కాబట్టి మార్చకపోతే రెండో రోజుకే బూజు పడుతుంది. చీటీ మీద ఊరు, మండలం, తేదీ, నీటి లోతు, నేల రకం, గడ్డలున్నాయా లేదా, తాజాగా ఉన్నప్పటి రంగు రాయండి, ఎండాక అన్నీ ఒకే గోధుమరంగులోకి వచ్చేస్తాయి.

తెలియని దాన్ని ఐనాచురలిస్ట్‌లో (ఫోటోలు పెడితే తెలిసినవాళ్ళు మొక్కల, జంతువుల పేర్లు చెప్పే వెబ్‌సైట్, యాప్) పెట్టేటప్పుడు ఒకే ఫోటో పెట్టొద్దు. మొత్తం మొక్క, కడిగిన వేర్లు, తొడుగు, పూగుత్తి, చిరుకంకి దగ్గర్నుంచి, స్కేలు పక్కన గింజ, ఈ ఆరూ ఉంటేనే తెలిసినవాళ్ళు పేరు చెప్పగలరు. అక్కడ కూడా తేలకపోతే ఎండబెట్టిన మొక్కని దగ్గర్లోని యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల్ని పేర్లతో భద్రపరిచే చోటు) గానీ, హైదరాబాద్‌లో ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా డెక్కన్ కేంద్రంలో గానీ చూపించండి, గింజల పొట్లం మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్ళండి.